కుళ్ళాయప్ప చేనిమీద ఎర్రచుక్క

చుక్క పొద్దున గసగసమంత ఉంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కందిగింజంత అయింది. ఎర్రిస్వామి ఫోను పట్టుకుని బావ ఇంటికి ఉరికొచ్చేసరికి రేగుపండంత లావున, కుళ్ళాయప్ప చేని మూలన, రాతికట్ట పక్కన కూర్చుని ఉంది.

"బావా, నీ చేను లోకమంతా చూస్తా ఉండాది."

కుళ్ళాయప్ప ఎద్దులకు చొప్ప వేస్తున్నాడు. వేయడం ఆపలేదు.

"జాడ చుక్క పడింది బావా. ఆ సైకిలు పిల్లోన్ని చంపి నీ చేన్లో పూడ్చినారంటా ఉండారు."

"ఎవురు?"

"ఎవురని చెప్పల్ల? విజయవాడోళ్ళు, దుబాయోళ్ళు, ముక్కూ మొగం తెలీనోళ్ళు."

నిఖిలేశ్ అని హైదరాబాదు కుర్రాడు. ఉద్యోగానికి సెలవు పెట్టి, ఒక్కడే సైకిలు మీద సీమంతా తిరుగుతూ, దారిలో కనిపించిన బండలూ మేకలూ మిట్టలూ ఫొటోలు తీసి రోజూ జనానికి చూపించేవాడు. చూసేవాళ్ళు వేలల్లో ఉండేవాళ్ళు. రాళ్ళవంకపల్లి దాపుల్లోకి వచ్చేసరికి అతని ఫోను మూగబోయింది. ఆ తర్వాత మనిషీ లేడు, సైకిలూ లేదు. వేలల్లో ఉన్న జనం లక్షలయ్యారు. కుర్రాడు ఉన్నప్పటికన్నా లేనప్పుడే చుట్టాలు ఎక్కువయ్యారు.

జాడ అనే మిషను సంగతి ఆ ఏడు తెలియనివాళ్ళు లేరు. పైనుంచి తీసిన నేల బొమ్మ ఫోనులోకి వస్తుంది. చూసేవాడు ఊరికే చూస్తే చాలు. వాడి కంటిపాప ఎక్కడ రవ్వంతసేపు ఆగిందో ఫోను పసిగడుతుంది. ఒక్క కన్ను ఆగితే లెక్కలోకి రాదు. లక్ష కళ్ళు ఒకే చోట ఆగితే అక్కడ ఎర్రచుక్క లేస్తుంది. ఎందుకు ఆగామో చూసినవాళ్ళకే తెలియదు. మన్ను రంగు కొంచెం తేడాగా ఉండొచ్చు, కంప పడుకోవలసిన వైపు పడుకోకపోవచ్చు. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లలను, సముద్రంలో కొట్టుకుపోయిన పడవను, దొంగలు తోలుకుపోయి దాచిన ఎద్దులను అది పట్టిచ్చింది. పోయిన ఏడు ఎర్రిస్వామి దూడను పట్టిచ్చిందీ అదే. అప్పుడతను ఊరంతా బెల్లం పంచాడు.

"ఏమేం రాసినారో వింటావా? ఒకడు చిరుతపులి అంటాడు. ఇంగొకడు గుప్తనిధుల కోసం బలిచ్చినారంటాడు. ఒకామె నీ ఫొటో పెట్టి, ఈ ముసలాయన కండ్లలో నేరం కనపడతా ఉండాదంట. నాకైతే శుక్లాలు కనపడతాయి."

నవ్వబోయి, బావ మొహం చూసి ఆగాడు. గొంతు తగ్గించాడు.

"అక్కను లేపుతారు బావా."

కుళ్ళాయప్ప చొప్ప వేయడం అప్పుడు ఆపాడు.

తిప్పక్క కుళ్ళాయప్ప పెండ్లాం, ఎర్రిస్వామికి తోడబుట్టిన అక్క. ఎండాకాలం మొదట్లో జ్వరం తగిలి పోయింది. ఆమె ఒంటికి బొల్లి. పెళ్ళినాడు చిటికెనవేలి మీద చిన్న మచ్చ. పోయేనాటికి మెడ దాకా తెల్లబారింది. బతికున్నన్నాళ్ళు ఆ బొల్లితో ఊరికి పేచీ లేదు. ఆమె చేతి పులుసు తిన్నారు, ఆమె చేత పిల్లలకు దిష్టి తీయించుకున్నారు. పేచీ పోయాకే వచ్చింది. బొల్లి మనిషిని పూడిస్తే ఆ నేల మీద మబ్బు నిలవదని ఆ పక్క ఊళ్ళలో పాత నమ్మకం. కాల్చాలి. కుళ్ళాయప్ప వాళ్ళలో కాల్చే ఆనవాయితీ లేదు. అమ్మానాన్నలను పూడ్చినట్టే ఆమెనూ ఊరి శ్మశానంలో పూడ్చాడు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు ఎవరికీ వాన అక్కర లేదు.

మృగశిర ఎండిపోయింది. ఆరుద్ర వచ్చి అదీ ఎండిపోయింది. అప్పుడు రచ్చబండ మీద లింగన్న నోట్లోంచి మాట పడింది. లింగన్న ఊరికి పెద్దమనిషి. చెడ్డవాడేం కాదు. ఎవరింట్లో చావు జరిగినా ముందు వచ్చి నిలబడేది అతనే.

"కుళ్ళాయప్పా, ఊరు ఎండిపోతా ఉండాదప్పా. తిప్పక్క మనకు కీడు తలపెట్టే మనిషి కాదు. లేపి వంకలో కాల్చేద్దాం. ఆమె గూడా కాదనదు."

అంతకు ముందు కరువులో ఒక ముసలామెను అట్లాగే లేపారు. పాత టైర్లు వేసి కాల్చారు. ఆ పొగ రెండు రోజులు ఊరి మీద ఉంది. కుళ్ళాయప్ప రచ్చబండ మీంచి లేచి వచ్చేశాడు.

వరదపాశం నాడు ఊరు ఊరంతా పెద్దబండ మీదికి పోయింది. వానదేవుడికి పాయసం వండి, బండ మీద పోసి, చేతులు వెనక్కి పెట్టుకుని నాలుకతో నాకి మొక్కే రోజది. ఇళ్ళ దగ్గర కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. ఆ రోజు పట్టపగలు బావా బామ్మర్దీ శ్మశానంలో గుంత తవ్వారు. ఆమెను జంపఖానాలో చుట్టి బండికెత్తారు. గుంత మళ్ళీ పూడ్చారు. చేని మూలన పెడితే కళ్ళముందు ఉంటుంది. ఊరు మరీ పట్టుబడితే నేనే కాల్చేశానని చెప్పవచ్చు. అదీ కుళ్ళాయప్ప ఆలోచన.

బండి ఎండిన వంక దాటుతూ ఇసుకలో దిగబడింది. ఎద్దులు మోకాళ్ళ మీద పడ్డాయి. అప్పుడొచ్చాడు సైకిలు కుర్రాడు.

సైకిలు ఒడ్డున పడేసి, ఎవరూ పిలవకుండానే దిగి వచ్చి చక్రానికి భుజం ఇచ్చాడు. వాసన తగిలి తలెత్తాడు.

"ఇందులో ఏముంది తాతా?"

"నా పెండ్లాము."

కుర్రాడు జంపఖానా వైపు చూశాడు. మళ్ళీ భుజం ఆనించాడు. "మూడు అనగానే ఎద్దుల్ని అదిలించండి" అన్నాడు. బండి లేచింది.

కుర్రాడు వాళ్ళ కుండలో నీళ్ళు తాగాడు. రోడ్డున పోతే పెద్దబండ దగ్గర ఊరంతా ఎదురవుతుంది. ఎక్కడినుంచి వస్తున్నావు, దారిలో ఎవరున్నారు అని అడుగుతుంది. కుళ్ళాయప్ప చెయ్యెత్తి రెండో వైపు చూపించాడు.

"ఆ మిట్ట దాటితే పాత క్వారీ మీద బాట ఉండాది. అట్ల పో. తార్రోడ్డు తగుల్తాది."

"నేనెవరికీ చెప్పను తాతా" అన్నాడు కుర్రాడు. ఎవరూ అడగలేదు.

తార్రోడ్డెక్కి వాడి దోవన వాడు పోయి ఉంటాడని కుళ్ళాయప్ప అనుకున్నాడు. ఫోన్లలో గోల మొదలయ్యాక కూడా అదే అనుకున్నాడు. అలా అనుకోవడం సులువుగా ఉంది.

జాడ వాళ్ళ వ్యాను ఆ మధ్యాహ్నమే బడి ఆవరణలో ఆగింది. వెనకాలే జీపులో ఎస్సై వచ్చాడు. గోడల మీద, చెట్ల కొమ్మల మీద కెమెరాలు పట్టుకుని ఎక్కడెక్కడి పిల్లలో కూర్చున్నారు. కుళ్ళాయప్ప ఇంటినుంచి బడి దాకా నడిస్తే యాభై మంది వెంట నడిచారు. "తాతా, ఇటు చూడు! తాతా, సైకిలెక్కడ పెట్టినావు?" అని ఒకడు. "గుప్తనిధిలో మాకూ వాటా ఇయ్యి తాతా" అని ఇంకొకడు.

వ్యానులో ఉన్న ల్యాబు వాళ్ళకు పెద్ద ప్రవల్లిక. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయేమో. ఆ మిషనును కనిపెట్టిందే ఆమె. నిఖిలేశ్‌కు సొంత అక్క. తమ్ముడి కోసం తన మిషనును తానే తిప్పుతూ నిద్రపోయి ఎన్నాళ్ళయిందో, మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు మూసుకుంటోంది.

"కూర్చోండి పెద్దాయనా. ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే చూడండి. చేను మీది కదా, మీ ఒక్కరి చూపు వెయ్యిమంది చూపుకు సమానం."

తెర మీద చేను పడింది. కుళ్ళాయప్ప తన చేనిని పైనుంచి ఎప్పుడూ చూడలేదు. ఎండకు వెలిసిన గొంగడి పరిచినట్టుంది. బండి తిరిగే దోవ చూశాడు. ఎండిన బోరు చూశాడు. దక్షిణపు గట్టు, కంచె, పోయిన ఏడు వేరుశెనగ ఎండిన చాళ్ళు చూశాడు. మూలకు పోబోయిన కళ్ళను మొండి ఎద్దులను తిప్పినట్టు తిప్పాడు.

ప్రవల్లిక ఏదో నొక్కింది. ఆయన చూపు పోయిన చోటల్లా తెర మీద పసుపు పరుచుకుంది. చేనంతా పసుపే. మూలన ఒక్కచోట మాత్రం బొల్లి మచ్చలాగా తెల్లగా మిగిలింది.

"అంతా చూశారు" అంది. "అక్కడ తప్ప."

కుళ్ళాయప్ప తన చేతులు చూసుకున్నాడు.

పక్కనున్న కుర్రాళ్ళను ఆమె బయటికి పంపించింది. "నేను పోలీసును కాను. వాడు నా తమ్ముడు. ఫోను పాడైందని అమ్మకు చెప్పి పెట్టాను. నాలుగు రోజులుగా అదే చెప్తున్నాను. సాయంత్రానికి జేసీబీ వస్తుంది. అది తవ్వి చెప్పేలోపల మీరు చెప్పండి. వాడు ఉన్నాడా?"

"పాత క్వారీ దిక్కు ఎవురన్నా పోయి చూసినారా తల్లీ?"

"ఏ క్వారీ?"

"మిట్టకు ఆ పక్క."

ఆమె బొమ్మను జరిపి చూసింది. "అక్కడ చుక్క లేదు కదా. ఒక్కరి కన్నూ ఆగలేదు."

ఎందుకాగుతుంది అనుకున్నాడు కుళ్ళాయప్ప. అక్కడ ఎవరూ ఏమీ దాచలేదు. ఆమె మిషను దాచినదాన్ని చూపిస్తోంది. పోయినవాడి సంగతి దానికి తెలియదు. ఇన్ని లక్షల కళ్ళూ తన చేని మూలన కూర్చుని ఉంటే, ఆ బాట ఎంత ఖాళీగా ఉండి ఉంటుందో ఆయనకు కనబడింది. భయం వేయలేదు. ఒంట్లో నుంచి ఏదో దిగిపోయి, ఉత్త ఒళ్ళు మిగిలినట్టయింది.

"ఇంటికి పోయొస్తా" అని లేచాడు.

ఎర్రిస్వామి తలుపు మూసి గడియ పెట్టాడు. బయట జనం గోల.

"చెప్పొద్దు బావా. పోలీసోళ్ళుండారు, వాళ్ళ కుక్కలుండాయి. ఎట్లనో దొరుకుతాడు."

"కుక్కలు గూడా చేనికాడికే తీస్కపోయినారు. అందరూ ఆడే ఉంటే దొరికేదెట్ల?"

"మనమే పోదాం. మనమే ఎతుకుదాం."

"ఈ గోలను ఎంటేసుకోనా? వాడు ఆడ దొరికితే, వానికి ఆ బాట చెప్పిందెవురంటారు. నేనంటా. నిన్ను యాడ చూసినాడంటారు. మాట వంక కాడికొస్తాది. ఆన్నుంచి శ్మశానానికి పోతాది."

"ఇంత తెలిసి చెప్తానంటావే. నా చేతుల్తో ఎత్తి పెట్టినా బావా అక్కను. మల్లా ఎవున్నీ ఎత్తనియ్యను."

కుళ్ళాయప్ప కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగాడు. చెంబు బోర్లించాడు.

"వాడు గూడా ఎత్తినాడు కదరా" అన్నాడు.

గడియ తీసుకుని బయటికి పోయాడు.

వ్యాను మెట్టు మీద కూర్చుని, ప్రవల్లికకు అంతా చెప్పాడు. పొడిపొడిగా చెప్పాడు. బొల్లి, వరదపాశం, ఇసుక, బండి, క్వారీ. ఆమె మధ్యలో ఒక్క మాటే అడిగింది.

"వాడికి తెలుసా, బండిలో ఎవరున్నారో?"

"తెలుసు. తెలిసినాక గూడా భుజమిచ్చినాడు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, ఎస్సైని కేకేసింది. తాళ్ళు, నీళ్ళు, అంబులెన్సు అంది.

"తల్లీ, పొయ్యే ముందర ఆ చుక్క తుడిపేయి."

ప్రవల్లిక తెర దగ్గరికి పోయి తుడిచింది. చేను మామూలు చేనయింది. కుళ్ళాయప్ప తలుపులోంచి బయటికి చూశాడు. గోడ మీద పిల్లవాడి ఫోనులో ఎర్రచుక్క అట్లాగే ఉంది. చెట్టుకొమ్మ మీదవాడి ఫోనులోనూ ఉంది.

"నా దగ్గరున్నది తుడిచాను" అంది ప్రవల్లిక. ఆ మాట ఆయన వైపు చూడకుండా అంది. "వాళ్ళ చేతుల్లోవి నావి కావు."

క్వారీ బాట తెగి ఉంది. కుళ్ళాయప్ప ఆ బాటన నడిచి ఏళ్ళయింది. క్వారీవాళ్ళు మూసేసి పోతూ పోతూ బాటను సగానికి కొరుక్కుని పోయారని ఆయనకు తెలియదు. మిట్ట దిగి మలుపు తిరిగితే నేల లేదు. అంచున కంకర జారిన గుర్తు ఉంది. కింద సైకిలు ముందుచక్రం వంగి ఆకాశం వైపు చూస్తోంది.

కుర్రాడు అడుగున, పచ్చగా పాచిపట్టిన నీళ్ళ మడుగు అంచున పడి ఉన్నాడు. ఒక కాలు ఉండవలసిన వైపు లేదు. తాడు పట్టుకుని దిగిన కానిస్టేబుల్ పైకి చెయ్యి ఊపాడు. ఊపిరుంది.

ప్రవల్లిక ఏడవలేదు. "ఉన్నాడు" అంది, లెక్క చెప్పినట్టు. మళ్ళీ "ఉన్నాడు" అంది.

పైకి తెచ్చి పడుకోబెట్టాక కుర్రాడు కళ్ళు తెరిచాడు. వంగి చూస్తున్న మొహాల్లో కుళ్ళాయప్పను పోల్చుకున్నాడు. పగిలిన పెదాలు కదిలించాడు.

"తాతా, నేనెవరికీ చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?" అన్నాడు ఎస్సై. చుట్టూ కెమెరాలు ముందుకు వంగాయి.

కుళ్ళాయప్ప మిట్ట దిగి వస్తుంటే పొద్దు వాలుతోంది. వెంట ఇప్పుడెవరూ లేరు. అందరూ అంబులెన్సు వెనక పోయారు. వంక దగ్గర నల్లటి పొగ కనబడింది. నడక పెంచలేదు.

ఎర్రిస్వామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. ఒళ్ళంతా మన్ను.

"జేసీబీ వచ్చింది బావా. పిల్లోడు క్వారీలో దొరికినాడంట, పో అన్నా. లింగన్న మామ అడ్డమొచ్చినాడు. పిల్లోడు దొరికినాడు సరే, మరి చేన్లో ఉండేదేంది అన్నాడు. ముందే ఎవురో శ్మశానం పోయి, అక్క గుంత మన్ను కొత్తగా ఉండేది చూసొచ్చినారు."

కుళ్ళాయప్ప పక్కన కూర్చున్నాడు.

"జేసీబీ ముందర పండుకున్నా. నలుగురొచ్చి ఎత్తి పక్కన పెట్టినారు. ఎవురూ కొట్టలేదు. చొక్కా నేను గుంజుకుంటే చిరిగింది." మోచేతి మన్ను దులుపుకున్నాడు. "కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టి లేపినారు. ఆడోళ్ళు పసుపు నీళ్ళు చల్లినారు. మర్యాదగానే చేసినారు బావా."

"జంపఖానా?"

"దాంతోనే."

"ఊఁ" అన్నాడు కుళ్ళాయప్ప. లేచి ఎద్దులకు నీళ్ళు పెట్టాడు. సంగటి కెలికి ఇద్దరికీ పెట్టాడు. ఎర్రిస్వామి తినలేదు. ఆయన తిన్నాడు. రుచి తెలియలేదు గాని తిన్నాడు.

కొన్నాళ్ళకు ప్రవల్లిక ఒక్కతే కారులో వచ్చింది. తమ్ముడి కాలికి రెండు ఆపరేషన్లు అయ్యాయని, నడవగలడని చెప్పింది. జనం ఇప్పుడు కొత్త మాట అంటున్నారట. అంతా నాటకమేనట. పేరు కోసం అక్కా తమ్ముడూ ఆడించారట. కుళ్ళాయప్పకు కూలి ఇచ్చి మాట్లాడించారట. ఇంకో సగం మంది జాడకు జేజేలు కొడుతున్నారట, ఆ దాపుల్లోనే కదా దొరికింది అని.

"మిషను ఆపేశాను" అంది. "వేరే వాళ్ళు ఇంకోటి మొదలుపెట్టారు. పేరు మార్చి." అరుగు మీద గోరుతో గీస్తూ కూర్చుంది. "మీకేం చెయ్యగలనో చెప్పండి పెద్దాయనా."

కుళ్ళాయప్ప ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"మజ్జిగ తాగుతావా?" అన్నాడు.

తాగి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే పడమర మబ్బు కట్టింది. తెల్లవారుజామున పట్టుకున్న వాన మధ్యాహ్నం దాకా వదల్లేదు. వంక పారింది. వంక ఒడ్డున కాలిన చోటును కడుక్కుని పారింది. పిల్లలు వీధుల్లో గంతులేశారు. ఆడవాళ్ళు కుళ్ళాయప్ప ఇంటికి వరసగా వచ్చారు. ఒకామె రొట్టెలు తెచ్చింది, ఒకామె బెల్లప్పొంగలి తెచ్చింది. "తిప్పక్క మనసు చల్లన" అన్నారు. అరుగు నిండా గిన్నెలయ్యాయి.

వాన వెలిశాక లింగన్న వచ్చాడు. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కుళ్ళాయప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ పుణ్యాన ఊరు బతికిందప్పా."

కుళ్ళాయప్ప చేతులు అతని చేతుల్లో ఉన్నాయి. లాక్కోలేదు. బిగించలేదు.

"పదును ఆరకముందే గొర్రు కట్టు. కావాలంటే నా ఎద్దుల్ని గూడా తోలుకో" అని లింగన్న వెళ్ళాడు.

మరునాడు పొద్దున్నే గొర్రు కట్టాడు. ఎర్రిస్వామి వెనకాల వేరుశెనగ విత్తనం వదులుతూ వచ్చాడు. నేల మెత్తగా, చీకటిరంగుగా ఉంది. చాలు వెంట చాలు పడింది. రాతికట్ట పక్క మూల దగ్గరికి వచ్చేసరికి ఎర్రిస్వామి ఆగిపోయాడు. జేసీబీ తీసిన గుంత వానకు పూడుకుపోయి, చుట్టూ ఉన్న నేలతో కలిసిపోయింది.

"బావా, ఈ మూల వదిలేద్దామా?"

కుళ్ళాయప్ప వెనక్కి తిరిగి చూశాడు.

"ఎందుకు? ఆడ ఏముండాదని?"

ఎద్దులను అదిలించాడు. గొర్రు ఆ మూల మీదుగా నేరుగా పోయింది.